మంచినీళ్లు అందినంత మేర

దీవి చూడాలనిపిస్తే తెనాలివాళ్లు అండమాన్ టిక్కెట్లు వెతుకుతారు. రేపల్లె ప్యాసింజరెక్కి వేమూరు, భట్టిప్రోలు దాటి చివరి స్టేషన్లో దిగితే, పెనుమూడి వారధికి అవతలే ఒక దీవి ఉందన్న సంగతి చాలామందికి తట్టదు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయలకీ సముద్రానికీ మధ్య చిక్కిన నేలే దివిసీమ. బాపట్ల నుంచి వచ్చే 216వ నంబరు జాతీయ రహదారి కూడా ఆ వారధి మీదుగానే పోతుంది. వారధి లేని రోజుల్లో పెనుమూడి రేవులో పడవ కోసం కాచుక్కూర్చునేవారు.

ఇటు వెళ్లేవి ఎక్కువగా దర్శనం బస్సులే. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు, హంసలదీవి వేణుగోపాలస్వామి, సాగరసంగమంలో ఒక మునక, తిరుగుప్రయాణం. పులిహోర కూడా ఇంటినుంచే. తప్పు పట్టేదేమీ లేదు. కాని ఏ ఊళ్లో ఏం పండుతోందో, ఏం వండుతున్నారో చూడకుండా దివిసీమ చూశామంటే కుదరదు. మంచినీళ్లు ఎంతవరకు అందాయో చెప్పేది ఆ తిండే.

అవనిగడ్డ వైపు వరిచేలు, ఏటి ఒడ్డున అరటి. ఈ పచ్చదనం కాలువ పుణ్యం. చుట్టూ నీళ్లే ఉన్నా, సాగుకి పనికొచ్చేవి ఏటిపాయ దాటి రావాలి. పులిగడ్డ అక్విడక్టు బ్రిటిషువాళ్ల హయాంలో కట్టింది ఇందుకే. దర్శనం బస్సు ఒక్క అయిదు నిమిషాలు అక్కడ ఆగితే బాగుండు.

బాపట్ల రైతులకి ఈ మంచినీళ్ల తిప్పలు కొత్త కాదు. తీరంలోని ఇసుక నేలల్లో పైన పలుచగా మంచినీళ్లు, కింద ఉప్పునీళ్లు. లోతుకి దించి తోడితే ఉప్పు పైకి ఎగదన్నుతుంది. అందుకే దొరువులు తవ్వి పైపై నీళ్లే వాడుకున్నారు. బాపట్లలోని లవణజల పరిశోధకులు ఆ పాత దొరువునే మెరుగుపరిచారు.

మళ్లీ దివిసీమకి వస్తే, కోడూరు, నాగాయలంక దాటాక చేలు తగ్గి, రొయ్యల చెరువులు మొదలవుతాయి. ఆపైన మడ అడవులు, బావురుపిల్లి తిరిగే కృష్ణా అభయారణ్యం. నాగాయలంక వైపునుంచి పంటు ఎక్కితే ఎదురుమొండి. దీవిలో దీవి అన్నమాట! మోటారుసైకిళ్లూ మనుషులూ సామాన్లూ ఒకే పంటు మీద దాటాలి.

ఉప్పుకి తాటిచెట్టు జంకదు. వేసవిలో వెళ్తే ముంజలు, చలికాలంలో తేగలు. పాతర వేసిన టెంకలు మొలకెత్తాక తవ్వి తీస్తారు. కాల్చిన తేగ నల్లటి పొట్టు ఒలిచి నిలువునా చీలిస్తే మధ్యలో చందమామ కనిపిస్తుంది. పీచు అడ్డొస్తున్నా నములుతూ పోవడమే. టెంక పగలగొడితే తెల్లటి బురుగుంజు దొరుకుతుంది. పిల్లల వాటా అది.

ఉప్పునీళ్లు హద్దు దాటిన రోజు 1977 నవంబరు 19. ఆనాటి ఉప్పెన పాలకాయతిప్పలాంటి ఊళ్లను తుడిచిపెట్టేసింది. తుపానులో పోయినవాళ్లు అధికారిక లెక్కలోనే 10,000 మంది దాకా. హంసలదీవి దగ్గర సముద్రంలో దిగేవాళ్లు పిల్లలకి ఈ కథ చెప్పాలి. సంగమం కథ ఎలాగూ పూజారి చెబుతారు.

ఇక పీత. మడల బురదలో దొరికే పెద్ద పీత డెక్కలు తాడుతో కట్టేసి, ప్రాణంతోనే అమ్ముతారు. కొనేవాడు ముందు పొట్ట కింద వేలితో నొక్కి చూస్తాడు. మెత్తగా దిగిందా, లోపల నీరే, కండ లేదు. గట్టిపడ్డవాటికే ధర. బరువైనవాటిలో చాలావరకు చెన్నై దారి పట్టి, అక్కడినుంచి విదేశాలకి విమానమెక్కుతాయి. అందుకే నాగాయలంక పీత నాగాయలంకలోనే తినాలనుకున్నవాళ్లు హోటలు మెనూ నమ్ముకోకూడదు. పొద్దున్నే వెళ్లి, పెట్టెలు సర్దకముందే బేరమాడుకోవాలి. వండిపెట్టే ఇల్లు కూడా ముందే మాట్లాడుకుంటే మంచిది.