దూరప్రయాణపు మోటారుసైకిలుకు కొత్త టైర్లు ఎన్నుకొనుట
(హోసూరులో తెలుగు యువకుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నాకు ఒప్పగించిన విషయము పైకి చిన్నదిగా తోచవచ్చును. టైరు అరిగినచో అంగడికి పోయి మరియొకటి వేయించుకొందుము, ఇందులో ప్రసంగమునకేమున్నదని కొందరు అనుకొనవచ్చును. కాని మన హోసూరు మోటారుసైకిళ్ల ఊరు. 1980లో టి.వి.ఎస్. 50 మోపెడు వెలువడినది ఇక్కడినుండియే. బి.ఎం.డబ్ల్యు. వారి 310 సి.సి. బండ్లు తయారైనదియు ఇక్కడనే. మన యిండ్లలో ఆ కర్మాగారములలో పనిచేసినవారెందరో కలరు. అట్టి యూరి యువకులు ఇంజనును గూర్చి గంటలకొలది మాటలాడగలరు; ఆ యింజనును నేలతో కలుపు టైరును గూర్చి మాత్రము ఎవరును పట్టించుకొనరు. ఆ లోటును కొంత తీర్చుటకే నేడు మీయెదుట నిలిచితిని.

మొదట బండిని గూర్చి రెండు మాటలు. పందెపు బండి వేగమునకు, మలుపులకు పుట్టినది. పెద్ద యాత్రాబండి సామానుతో, సుఖముగా, దూరము పోవుటకు పుట్టినది. ఈ రెండింటి నడుమ నిలిచినది స్పోర్ట్ టూరింగ్ బండి. శనివారము ఉదయము ఇక్కడ బయలుదేరి మధ్యాహ్నమునకు తిరుపతిలో బంధువుల యింట భోజనము చేయవలెను. దారిలో మలుపులు వచ్చినప్పుడు ఆనందింపవలెను. వెనుక ఒకరు కూర్చుండవలెను. రెండు సంచులు కట్టుకొనవలెను. ఇన్ని కోర్కెలు ఒకే బండి తీర్పవలెను గనుక ఇన్ని పరీక్షలకును దాని టైరు నిలువవలెను.

గాలి నింపిన టైరు చరిత్ర పాతదే. రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో దానికి పేటెంటు తీసికొనెను; కాని అది వాడుకలోనికి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికై దానిని మరల కనిపెట్టెను. నాటికిని నేటికిని సూత్రమొక్కటే: బరువును మోయునది రబ్బరు కాదు, లోపలి గాలి. నేలను పట్టుకొనునది మాత్రము రబ్బరే. మోటారుసైకిలు టైరు నేలను తాకు భాగము మన అరచేయి అంత మాత్రమే. రెండు చక్రములకు రెండు అరచేతులు. బండి, నడుపువాడు, వెనుక కూర్చున్న తల్లియో భార్యయో, అందరి ప్రాణములును ఆ రెండు అరచేతులమీదనే నిలిచియుండును.

ఇక టైరు ప్రక్కభాగమున ముద్రించిన అంకెలను చదువుట నేర్చుకొందము. కవాసాకి నింజా 650ను ఉదాహరణముగా గ్రహింతును. దాని వెనుక టైరుపై 160/60 జెడ్.ఆర్. 17, 69 డబ్ల్యు. అని యుండును. 160 అనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అనగా ఆ వెడల్పులో నూటికి 60 వంతులు ప్రక్కగోడ ఎత్తు, అనగా 96 మిల్లీమీటర్లు. ఆర్. అనగా రేడియల్ కట్టుబడి. 17 అనగా రిమ్ము వ్యాసము అంగుళములలో. 69 అనునది బరువు సంకేతము. దాని అర్థము 325 కిలోలు. డబ్ల్యు. అనునది వేగ సంకేతము. గంటకు 270 కిలోమీటర్ల వరకు తట్టుకొనునని భావము. ముందు టైరు 120/70 జెడ్.ఆర్. 17, 58 డబ్ల్యు.; 58 అనగా 236 కిలోలు. హెచ్. అన్నచో 210 కిలోమీటర్లు, వి. అన్నచో 240.

మనము గంటకు 270 కిలోమీటర్ల వేగమున పోవుదుమా యని మీరడుగవచ్చును. పోకూడదు. కాని వేగ సంకేతము కేవలము వేగమునకే సంబంధించినది కాదు. టైరు వేడిని ఎంత తట్టుకొనునో చెప్పు గుర్తు అది. మే నెల మధ్యాహ్నమున, నిండు బరువుతో, గంటలకొలది జాతీయ రహదారిపై పోవునప్పుడు ఆ తట్టుకొను శక్తియే మనలను కాపాడును. కనుక బండి తయారించినవారు నిర్ణయించిన బరువు సంకేతమునకుగాని, వేగ సంకేతమునకుగాని తక్కువైన టైరును ఎంత చౌకగా వచ్చినను తీసికొనరాదు.

యువకులకు కలుగు మొదటి కోరిక వెడల్పు టైరు. 160 ఉన్నచోట 180 వేసినచో బండి గంభీరముగా కనబడునని వారి తలంపు. ఆ బండి వెనుక రిమ్ము వెడల్పు 4.5 అంగుళములు, 180 టైరునకు తగిన రిమ్ము 5.5 అంగుళములు. ఇరుకు రిమ్ముపై వెడల్పు టైరును ఎక్కించినప్పుడు ప్రక్కగోడలు లోనికి నొక్కబడి, నడుము పైకి మొనతేలును. అప్పుడు మలుపులో బండి వాలుట సహజముగా నుండదు. గొలుసునకో, మడ్‌గార్డునకో టైరు ఒరయు ప్రమాదమును కలదు. ఖర్చు పెరిగి పట్టు తగ్గు మార్గమిది. తయారీదారుడు చెప్పిన కొలతయే మనకు శిరోధార్యము.

కొలత కుదిరిన తరువాత రకమును ఎన్నుకొనవలెను. పందెపు టైరు రబ్బరు మెత్తనిది. వేడెక్కినప్పుడు దాని పట్టు అద్భుతము. కాని త్వరగా అరిగిపోవును, చల్లని ఉదయమున, వానలో అది మనకు మిత్రుడు కాదు. కేవలము యాత్రకై చేసిన టైరు గట్టిది; చాల దూరము వచ్చును, మలుపులలో మాత్రము కొంత మందము. స్పోర్ట్ టూరింగ్ టైరు ఈ రెండింటి నడుమ సంధి. ఇట్టి టైర్లు పెక్కింటిలో నడుమ భాగమున గట్టి రబ్బరును, అంచులయందు మెత్తని రబ్బరును ఉపయోగింతురు. తిన్నని దారిలో నడుమ అరుగును గనుక అక్కడ గట్టిదనము. మలుపులో అంచుమీద వాలుదుము గనుక అక్కడ పట్టు. రబ్బరులో సిలికా కలుపుటచే తడి నేలపై పట్టు నిలుచును. గాళ్లు నీటిని ప్రక్కకు తోలివేయును. మన ప్రాంతమున ఐప్పసి వానలు, మలెనాడు పోవువారికి ఆషాఢపు వానలు ఉండనే యున్నవి. కనుక తడి నేలపై పట్టును మొదటి గుణముగా ఎంచవలెనని నా మనవి.

మిషెలిన్ రోడ్ 6, పిరెల్లీ ఏంజెల్ జి.టి. 2, మెట్జెలర్ రోడ్‌టెక్, టి.వి.ఎస్. యూరోగ్రిప్ రోడ్‌హౌండ్ మొదలైనవి ఈ తరగతికి చెందిన పేర్లు. వీనిలో ఇది గొప్ప, అది తక్కువ యని తీర్పు చెప్పుటకు నేను రాలేదు. మీ కొలతలో, మీ బండికి తగిన సంకేతములతో, క్రొత్తగా తయారై దొరకునదేది యని చూచుకొనుటయే ముఖ్యము.

ఖర్చు మాట పెద్దలకు ముఖ్యము. లెక్క కొరకు ఇట్లనుకొందము. ఒక జత 20,000 రూపాయలకు వచ్చి 5,000 కిలోమీటర్లు నడచినది; మరియొక జత 24,000 రూపాయలకు వచ్చి 12,000 కిలోమీటర్లు నడచినది. మొదటిదానికి కిలోమీటరుకు 4 రూపాయలు, రెండవదానికి 2 రూపాయలు. అంగడిలో చౌకయైనది దారిలో రెట్టింపు ఖరీదైనది. కనుక ధర అడిగినప్పుడు దూరమును కూడ అడుగుడు. ఆ దూరము మాత్రము మీ బరువు, మీ వేగము, మీ గాలి, మీ రోడ్డు ననుసరించి మారుచుండును.

వెనుక టైరు ముందుగా అరుగుట సాధారణము. అప్పుడు వెనుకదానిని మాత్రము మార్చవచ్చును. కాని అదే తయారీ, అదే రకమైనచో మేలు. రెండింటి ఆకారములు వేరైనచో మలుపులో ముందు చక్రమొక తీరున, వెనుక చక్రమొక తీరున వాలును. ఒక చక్రమునకు రేడియల్, మరియొక చక్రమునకు బయాస్ టైరు కలుపుట బండి తయారీదారు అనుమతించిననే తప్ప చేయరాదు.

ఎప్పుడు మార్చవలెను? గాళ్ల అడుగున చిన్న గట్లు ఉండును; వాటి స్థానమును తెలుపుటకు ప్రక్కభాగమున టి.డబ్ల్యు.ఐ. అను అక్షరములుగాని, త్రికోణముగాని ఉండును. పైరబ్బరు అరిగి ఆ గట్టుతో సమమైనచో టైరు ఆయువు తీరినట్లే. కాని గట్టు వచ్చువరకు వేచియుండవలసిన పనిలేదు. మన జాతీయ రహదారులు బహుదూరము తిన్నగా పోవును. అందుచే వెనుక టైరు నడుమ చదునై, అంచులు మిగిలి, పీటవలె అగును. అట్టి టైరుతో ఏలగిరి కొండ 14 మలుపులు ఎక్కునప్పుడు బండి వాలుటకు మొదట మొరాయించి, పిదప ఒక్కసారిగా పడినట్లు వాలును. ప్రక్కగోడపై పగుళ్లు, ఉబ్బులు, కోతలు కనబడినను మార్చవలసినదే. ప్రక్కగోడలో పడిన పంక్చరు అతికించి నడుపదగినది కాదు.

వయస్సును చూచుట చాలమంది మరచు సంగతి. డి.ఓ.టి. అను అక్షరముల వెంట చివర నాలుగంకెలు ఉండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 3523 అన్నచో 2023వ సంవత్సరపు 35వ వారము, అనగా ఆగస్టు నెలాఖరు. ఐదేండ్లు దాటిన టైరును ఏటేట తెలిసినవారిచే పరీక్ష చేయించవలెనని, గాళ్లు ఎంత మిగిలినను పదేండ్లు దాటనీయరాదని తయారీదారులు సాధారణముగా చెప్పుదురు. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము కొన్ని రకముల విదేశీ టైర్ల దిగుమతిపై నిర్బంధము విధించినది. కోరిన కొలత సులభముగా దొరకనప్పుడు అంగడివాడు మూలనుండి ఏది తీసి ఇచ్చినను మహాభాగ్యమని పుచ్చుకొనుట మానవ స్వభావము. ఆ వేళనే ఆ నాలుగంకెలు చదువవలెను. మన దేశములో అమ్ము టైరుపై ఐ.ఎస్.ఐ. ముద్ర కూడ ఉండవలెను. అంగడిలో మాట తమిళమైనను, కన్నడమైనను, తెలుగైనను అంకెలు అందరికి ఒక్కటే. వాటిని చదువుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

ఇక బిగించుట. టైరుపై బాణపు గుర్తు చక్రము తిరుగు దిశను చూపును. అది తలక్రిందులు కాకుండ చూచుకొనుడు. ట్యూబు లేని టైరైనచో వాల్వును కూడ క్రొత్తది వేయించుడు. చక్రమును బ్యాలెన్సు చేయించుడు. ఆపైన మొదటి 160 కిలోమీటర్లు నెమ్మదిగా నడుపుడు. క్రొత్త రబ్బరు పైపొర నున్నగా జారుచుండును. కొంచెము కొంచెముగా వాల్చుచు దానిని గరుకు చేయవలెను. క్రొత్త టైర్లతో అంగడి వాకిటనే పడినవారున్నారు.

అన్నిటికంటె చివరిది, అన్నిటికంటె చౌకయైనది గాలి. బండి సుమారు 195 కిలోలు, ఇద్దరు మనుష్యులు 140 కిలోలు, సామాను 25 కిలోలు, మొత్తము 360. వీనిలో ఎక్కువ పాలు వెనుక చక్రముపై పడును. టైరుపై 325 కిలోలని వ్రాసియున్నది గదా యని ధైర్యపడుదురేమో. ఆ శక్తి నిండు గాలి యున్నప్పటిది. గాలి తగ్గినచో ప్రక్కగోడ మాటిమాటికి వంగి, వేడెక్కి, లోపలినుండియే చెడిపోవును. పదిహేను దినములకొకసారియు, దూరప్రయాణమునకు ముందును, టైరు చల్లగా నున్నప్పుడే గాలి చూచుకొనుడు. నడచి వేడెక్కిన టైరులో గాలి హెచ్చుగా చూపినదని తీసివేయరాదు. ఎంత గాలి యుండవలెనో బండి పుస్తకమున వ్రాసియుండును; ఇరువురకు, ఒకరికి వేర్వేరుగా చెప్పినచో ఆ భేదమును పాటింపుడు.

ఇక్కడ కూర్చున్న తలిదండ్రులకు ఒక మాట. కుమారుడు బండికి పొగగొట్టము మార్చుటకు డబ్బడిగినచో మీరు ఆలోచింపుడు. ధ్వని పెరుగును గాని క్షేమము పెరుగదు. టైర్లకై అడిగినచో ఆలస్యము చేయకుడు. తిరుమల కనుమ దిగునప్పుడు, బ్రేకు పట్టగానే బండి బరువంతయు ముందుకు ఒరిగినప్పుడు, వానలో లారీ ఎదురైనప్పుడు, ఆ డబ్బు ఎక్కడికి పోయినదో తెలియును. యువకులకును ఒక మాట. మీ వెనుక కూర్చున్నవారికి టైరు అంకెలు చదువరాదు, గాలి ఎంత యున్నదో తెలియదు. వారు మీ భుజముపై చేయి వేసి నమ్మకముతో కూర్చుందురు. ఆ నమ్మకమునకు మీరు చెల్లింపవలసిన బాకీ, నెలకు రెండుమారులు వంగి టైరును చూచుట.

నేడు ఇంటికి పోవునప్పుడు ప్రతియొకరును తమ బండిప్రక్క వంగి ఆ నాలుగంకెలను చదువుడు. అది చేసినచో ఈ ప్రసంగము సఫలమైనట్లే.