విమానపు తూకము
(అమరచింత వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



చిరకాలము పిల్లలకు శబ్దములును ధాతువులును వల్లింపజేసిన నావంటివాడు నేడు నమూనా విమానములనుగూర్చి మాటలాడ నిలుచుట తమకు వింతగా దోపవచ్చును. కారణము విన్నవించెదను. ఈ మహాసభ ఊరేగింపు సాగునపుడు మా మనుమడు చేసిన పెద్ద నమూనా విమానమును జనులపై ఎగురవేసి పూలు చల్లింపవలెనని పోషకులు కొందఱు అభిమానముతో గోరిరి. నేను వలదంటిని. నా మాట వారికి కష్టము గలిగించినదని యెఱుగుదును. ఎందులకు వలదంటినో చెప్పుటయే ఈ ఉపన్యాసము.

మొదట మనకును విమానమునకును గల చుట్టఱికము జెప్పెదను. 1903 డిసెంబరు 17వ తేదీని రైటు సోదరుల విమానము మొదటిసారి 12 సెకండ్లు గాలిలో నిలిచి 120 అడుగులు సాగెను. దాని రెక్కలపై బిగించినది రేకు గాదు, నూలుబట్ట. పడుగును పేకయు రెక్క చట్రమునకు ఏటవాలుగా బడునట్లు వారు బట్టను బఱచిరి. అట్లుచేయుటచే ఆ బట్టయే కట్లవలె చట్రమును బిగించి పట్టెను. నమూనాలు చేయువారును చాలకాలము పలుచని పట్టును రెక్కలకు బొదివి, డోపు అను వార్నీషు బూసి బిగియింపజేసెడివారు. నేడు వేడికి బిగియు ప్లాస్టిక్ పొరలు వచ్చినవి. అయినను మా మనుమడు ఈ యూరి మగ్గముపై నేసిన పట్టునే వాడినాడు. పద్మశాలీల యింట బుట్టినవానికి ఆ చాపల్య ముండుట తప్పుగాదు.

సంస్కృతము చదివినవాడను గనుక, "వైమానికశాస్త్రమున నిదియంతయు మునుపే యున్నది గదా" అని నన్ను బలువురు ప్రశ్నింతురు. 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థ ఆచార్యులు ఆ గ్రంథమును బరిశీలించి, అది 20వ శతాబ్దారంభమున బుట్టినదనియు, అందు వర్ణించిన విమానములు ఎగురజాలవనియు దేల్చిరి. దేవభాషలో నున్నంతమాత్రమున ఏదియు శాస్త్రము గాదు. పరీక్షకు నిలిచినదే శాస్త్రము.

ఇక తూకము. మా వాని విమానము రెక్కల నిడివి 90 అంగుళములు, రెక్క వెడల్పు 15 అంగుళములు, మొత్తము బరువు సుమారు 7 కిలోలు. ఇట్టి విమానమును రెక్కలక్రింద రెండువైపుల వ్రేళ్లుంచి యెత్తినపుడు అది ముందునకు గాని వెనుకకు గాని ఒరగక నిలుచు తావే గురుత్వకేంద్రము. ముందంచునుండి రెక్క వెడల్పులో నాల్గవవంతు మొదలు మూడవవంతు వఱకు, అనగా ఈ విమానమునకు సుమారు నాలుగు అంగుళములనుండి ఐదు అంగుళముల లోపల, అది యుండుట క్షేమము. ముక్కు బరువైన విమానము మొండిగా నడచును, కాని చెప్పినమాట వినును. తోక బరువైనది మాట వినదు. ముక్కెత్తి, వేగము గోల్పోయి, కూలును.

ఏతము తొక్కినవారికి ఈ రహస్యము దెలియును. ఇరుసునకు దూరమైనకొలది మనిషి బరువునకు బలమెక్కువ. విమానమున తోక దూరము, ముక్కు దగ్గఱ. మా విమానమున గురుత్వకేంద్రమునుండి తోక 40 అంగుళములు, ముక్కు 14 అంగుళములు. కావున తోకపై 200 గ్రాములు పెరిగినచో, దానికి సరిదూగుటకు ముక్కున సుమారు 570 గ్రాముల సీస ముంచవలెను. ఉంచనిచో గురుత్వకేంద్రము ఒక అంగుళమునకు బైగా వెనుకకు జరుగును.

సరిగా ఇదియే జరిగినది. నిరుడు ఒకసారి దిగునపుడు తోక విఱిగెను. మా వాడు వెదురుబద్దలు, జిగురు, ఇనుపతీగెలు చేర్చి దానిని బాగుచేసెను. మఱునాడు కోతలైన చేనిలో బంధువులు గూడిరి. వాడు "తాతా! మఱల తూచి చూచెదను" అనెను. నేను గడియారము జూచి, "ముహూర్తము మించుచున్నది, కానిమ్ము" అంటిని. విమానము నేల విడిచినంతనే ముక్కెత్తెను. వాడు ఎంత దింపినను వినలేదు. ఒకప్రక్కకు దిరిగి, జనులున్న దిక్కునకే వచ్చి గట్టుపై గూలెను. అచటికి పదియడుగుల దూరమున ఒక చిన్నపిల్ల చెఱకుముక్క నములుచు నిలిచియుండెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. అది దైవకృప, మా ప్రజ్ఞ గాదు. ఆ రాత్రి మా వాడు తోకను తూచెను. 200 గ్రాములు పెరిగియుండెను. వాడు నన్నొక్కమాటయు ననలేదు. అనియుండిన బాగుండెడిది.

సోదరులారా! తప్పు పిల్లవానిది గాదు, తొందరపెట్టిన పెద్దవానిది. అచ్చు అతుకునాడు జరిగిన పొరపాటు చీర కొసవఱకు గనబడునని మనకు ఇతరులు చెప్పవలెనా?

అప్పటినుండి మా యింట నియమము లేర్పడినవి. ఏ మరమ్మతైనను పిమ్మట మఱల తూచవలెను. ముక్కును తోకను బట్టి యెత్తి కుడియెడమల సమతయు జూడవలెను. కుడికి దిరుగుమన్నపుడు కుడిరెక్క పలక పైకి లేచుచున్నదో లేదో ప్రతిసారియు కన్నులార జూడవలెను. రేడియో సంకేతము తెగినచో మోటారు దానంతట ఆగునట్లు అమర్చి, దానిని నేలమీదనే పరీక్షింపవలెను. చూచువారందఱు ఎగురవేయువాని వెనుక నుండవలెను. మనుష్యుల తలలపై ఎన్నడు నెగురవేయరాదు. 2021 నాటి డ్రోను నిబంధనలు 25 కిలోలకు మించని నమూనా విమానములను విద్యకును వినోదమునకును కంటిచూపు మేరలోనే నడుపుమన్నవి. ఏ తావున ఎగురవేయవచ్చునో ప్రభుత్వపటమును ముందుగా జూడవలెను. జూరాల ఆనకట్టవంటి తావులకు దూరముగా నుండవలెను.

కావున పోషకమహాశయులారా! పూలు చల్లించుటకు దలచిన ధనమును మఱియొకవిధముగా వెచ్చింపుడని ప్రార్థించుచున్నాను. మన పిల్లలకు, బాలురకు బాలికలకు, ఒక గదియు, ఒక మంచి త్రాసును, కొంచెము కఱ్ఱయు, బట్టయు, నేర్పువాని నొక్కనిని సమకూర్పుడు. రెక్క గట్టుట నేర్చినవాడు లెక్క నేర్చును, ఓర్పు నేర్చును. అన్నిటికంటె ముఖ్యముగా, పెద్దలు తొందరపెట్టినపుడు "ఇంకను తూచలేదు" అని నిలిచి చెప్పుట నేర్చును. ఆ మాట నాడు మా మనుమడు చెప్పినాడు. వినవలసినవాడను నేను.