కార్డు మీద మన పేరే ఉండాలి
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పు, వాయిదాల లెక్కలు ఇందాక విన్నాం. ఇప్పుడు విజిటింగ్ కార్డు గురించి మాట్లాడుకుందాం. అరచేతిలో సగం కూడా లేని కాగితమే గానీ, మన రాబడిలో దానికీ వాటా ఉంది.

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి రూపమే మారిపోయింది. ఇంటి పచ్చళ్లు, సకినాలు, జొన్నరొట్టె, కుట్టుపని కావలసినవాళ్లు ఆ అద్దాల మేడల్లో వేలమంది ఉన్నారు. కానీ ఐడీ కార్డు లేనిదే సెక్యూరిటీవాళ్లు మనల్ని లోపలికి పంపరు. శిల్పారామం మేళాలోనో, అపార్ట్‌మెంట్లలో పండగకు పెట్టిన స్టాల్లోనో ఒకసారి మన సరుకు కొన్నామె, మళ్లీ కావాలంటే మనల్ని ఎక్కడ వెతుక్కుంటుంది? మేళా అయిపోయాక స్టాలు ఉండదు. ఆమె బ్యాగులో మిగిలేది మన కార్డే. గేటు దగ్గర మనం ఆగిపోయినా కార్డు లోపలికి పోతుంది.

మరి గుర్తుండే కార్డు అంటే ఏంది? మన ఇంటి శుభలేఖనే చూడండి. నాలుగు మూలలా పసుపు కనబడగానే చదవకముందే సంగతి తెలిసిపోతుంది. మన కార్డు కూడా అట్లనే ఉండాలి. మనం చేసే పని ఒక్కచూపులో తెలియాలి. పచ్చళ్లు, బ్లౌజులు, మగ్గం పని, టిఫిన్లు అన్నీ ఒకే కార్డు మీద వేస్తే ఒక్కటీ గుర్తుండదు. ఎక్కువగా అమ్ముడుపోయేదేదో దాన్నే పెద్ద అక్షరాల్లో వేయించండి. బొమ్మ ఒక్కటి చాలు. రంగులు రెండు చాలు.

ఇక అసలు సంగతికి వద్దాం. చేసేది మనం, అమ్మేది మనం. కార్డు మీద మాత్రం చాలాచోట్ల భర్త నంబరో, కొడుకు నంబరో ఉంటుంది. ఫోన్ ఆయన దగ్గర, ఆయన డ్యూటీలో. ఆర్డరు చేసినామె రెండుసార్లు చూసి ఇంకొకరిని పిలుస్తుంది. క్యూఆర్ కోడ్ కూడా ఆయనదే అయితే డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. రేపు బ్యాంకు లోన్‌కు పోతే మన ఖాతాలో మన వ్యాపారం కనబడదు. పేరు మనది, నంబరు మనది, ఖాతా మనది కావాలి. సంఘం కార్డైతే సిమ్ సంఘానికే ఉండాలి. లేకుంటే లీడరు మారిన రోజు కార్డులన్నీ చెత్తబుట్టకే.

తెలియని మనుషులు రాత్రిళ్లు ఫోన్ చేస్తారన్న భయం ఉంది. అది ఉత్త భయం కాదు. అందుకే వ్యాపారానికి వేరే నంబరు పెట్టుకుందాం. “ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు” అని కార్డు మీదే వేయిద్దాం. ఇంటి నంబరు, వీధి వేయొద్దు. బస్తీ పేరు చాలు. వాట్సాప్ బిజినెస్ ఉచితంగా దొరుకుతుంది. అందులో సరుకుల ఫొటోలు, ధరలు పెట్టుకోవచ్చు. మనం లేని వేళ జవాబు దానంతటదే పోయేటట్టు కూడా పెట్టుకోవచ్చు. ధరలు కార్డు మీద మాత్రం వేయొద్దు. నూనె ధర పెరిగితే కార్డు పాతబడుతుంది.

తినే వస్తువులు చేసేవాళ్లు ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరును డబ్బా లేబుల్ మీద వేయడం ఎట్లాగూ తప్పనిసరి. కార్డు మీద కూడా వేయిస్తే ఆఫీసులో ఆర్డరు ఇచ్చేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

అచ్చు సంగతి. మామూలు సైజు మూడున్నర అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు. జాడీ ఆకారంలోనో, పెద్దగానో చేయిస్తే చూడ ముచ్చటగానే ఉంటుంది గానీ పర్సులో పట్టదు. ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషు వేయించండి. ఆ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లలో తెలుగు చదవరానివాళ్లు చాలామంది. ఒకవైపు కొంచెం జాగా ఖాళీగా వదిలి, అక్కడ మెరిసే లామినేషన్ లేకుండా చూసుకోండి. “రెండు కిలోలు, శనివారం” అని పెన్నుతో రాసుకోవడానికి పనికొస్తుంది. ప్రూఫ్ చూడకుండా అచ్చుకు ఒప్పుకోవద్దు. కంప్యూటర్లో తెలుగు వత్తులు ఒక్కోసారి విడిపోతాయి. ప్రూఫ్ మీది నంబరుకు అక్కడే ఫోన్ చేయండి, కోడ్‌ను అక్కడే స్కాన్ చేయండి. ముందు వంద వేయించి, నాలుగు వారాలు చూసి, ఆ తర్వాతే వెయ్యికి పోదాం.

ఇచ్చే పద్ధతి కూడా ఉంది. పెళ్లికి బొట్టు పెట్టి పిలిస్తేనే పిలిచినట్టు. బల్ల మీద కట్ట పెట్టి “తీసుకోండి” అంటే ఎవరికీ గుర్తుండదు. సరుకు చేతికిస్తూ, కార్డు కూడా చేతికిచ్చి “ఇది నేనే చేశాను, నా పేరు ఇదీ” అని చెప్పండి. డబ్బాలో కూడా ఒకటి వేయండి.

వచ్చే నెల సమావేశానికి అందరం మన కార్డులు తెద్దాం. పక్కనున్నామె చేతికిచ్చి మూడు ప్రశ్నలు అడుగుదాం. నేనేం చేస్తానో తెలిసిందా? ఫోన్ చేస్తే ఎత్తేది నేనేనా? డబ్బు నా ఖాతాకే వస్తుందా? మూడింటికీ అవునంటే కార్డు బాగున్నట్టే. ఒక్కదానికి కాదన్నా, దాన్ని మార్చే పని సమాఖ్యలో అందరం కలిసి చేద్దాం.