ఆగిన బండిలో ఆయుధం

సోమశిల జలాశయమున్న అనంతసాగరం మండలం వంటి మెట్ట ప్రాంతాలలో అడవిపందుల బెడద ఎరిగినదే. పంట రక్షణకై 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రత్యేకంగా పేర్కొన్నది, మందునూ గుండునూ గొట్టం మూతి నుండి కూరి పేల్చే తుపాకీని. దానిని జీపు సీటు వెనుక పెట్టి, గోనెపట్టా కప్పి, ఆత్మకూరులో బండి నిలిపి వెళ్తే, ఆ పొడవాటి ఆకారమే దొంగకు ఆనవాలు పట్టిస్తుంది. అద్దం పగలడం ఎంతసేపు?

ఇందుకు ఒక నమూనా ఉంది: కాలిఫోర్నియాలో 2017 నుండి, మనిషి లేని వాహనంలో పిస్తోలును తాళం వేసిన డిక్కీలో గాని, బయటికి కనబడని తాళపు పెట్టెలో గాని ఉంచడం చట్టరీత్యా తప్పనిసరి. అదే తీరున మన దగ్గర డిక్కీ లేని జీపులో పెట్టెను గొలుసుతో చట్రానికి బిగించి, మందుగుండును వేరుచేయాలి. అసలు అవసరం లేని ప్రయాణంలో తుపాకీ ఇల్లు దాటకపోవడమే మేలు.

తుపాకీ పోయినట్లయితే వెంటనే సమీప పోలీసు స్టేషనుకు తెలపడం లైసెన్సుదారు బాధ్యత. ఫిర్యాదుకు ఆయుధపు గుర్తింపు వివరాలు కావాలి గనుక, లైసెన్సు నకలు బండిలో కాక ఇంటి బీరువాలో ఉండాలి.