లెక్క సరిపోయిన రాత్రి
(శతవార్షికోత్సవముల సందర్భముగా హాస్టళ్ళ విద్యార్థి నాయకుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేమిద్దరము ఒకే సంవత్సరము ఒకే బోర్డింగులో లీడర్లము. ఒకరు పెద్ద లీడరు, మరొకరు చిన్న లీడరు. మాట్లాడేది ఒకరే అయినా ఈ కాగితము ఇద్దరము కూర్చొని వ్రాసుకొన్నదే. విద్యార్థి నాయకత్వమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఉత్సవ సంఘమువారు కోరారు. హాస్టలులో ఉన్నవారికి హితబోధల కొరత ఎన్నడూ ఉండదని మాకు తెలుసు. కాబట్టి ముందుగా ఒక దూరదేశపు పాఠశాల సంగతి చెప్పి, తరువాత మేము చేసిన తప్పు ఒకటి ఒప్పుకొని, చివర ఒక మనవి చేసి కూర్చుంటాము.

బహామాస్ అని అట్లాంటిక్ మహాసముద్రములో ఒక దీవుల దేశమున్నది. 1973 జూలై 10న అది బ్రిటిష్‌వారి నుండి స్వాతంత్ర్యము పొందింది. ఆ దీవులలో ఒకటి ఎల్యూతెరా. పొడవు సుమారు 180 కిలోమీటర్లు. వెడల్పు చాలాచోట్ల రెండు మూడు కిలోమీటర్లకు మించదు. 1648లో బెర్ముడా నుండి ప్యూరిటనులు కొందరు తమ మనస్సాక్షి ప్రకారము దేవుని ఆరాధించుకొనే స్వేచ్ఛ కోరి ఆ ప్రాంతమునకు వచ్చారు. ఆ పేరు గ్రీకు మాట నుండి వచ్చింది. పౌలు గలతీయులకు వ్రాసిన పత్రికలో స్వాతంత్ర్యమునకు వాడిన మాట కూడ ఆ కుదురులోనిదే.

ఆ దీవి దక్షిణపు కొసన సముద్రము ప్రక్కనే ఐలాండ్ స్కూల్ అనే బోర్డింగు పాఠశాల ఉన్నది. క్రిస్ మాక్సీ అనే ఉపాధ్యాయుడు, ఆయన భార్య పామ్ దానిని స్థాపించారు. 1999లో మొదటి విద్యార్థుల జట్టు వచ్చింది. ఇది సంవత్సరముల తరబడి ఉండి చదివే బడి కాదు. అమెరికాలో ఉన్నత పాఠశాలలో చదువుకొనే పిల్లలు ఒక్క సెమిస్టరు, అనగా సుమారు నూరు దినములు, అక్కడ ఉండి మరల తమ బడులకు వెళ్ళిపోతారు. జట్టుకు ఇంచుమించు యాభైమంది. ఇటువంటి సెమిస్టరు బడులు అమెరికాలోనూ ఉన్నవి. వెర్మాంట్ కొండలలో 1984లో ఒకటి, మెయిన్ రాష్ట్రపు సముద్రతీరమున 1988లో మరొకటి మొదలైనవి.

మా ఇద్దరిలో ఒకరి మనుమరాలు అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. ఆమె ఒక సెమిస్టరు ఆ దీవిలో ఉండి వచ్చింది. పోయిన సంక్రాంతి సెలవులలో ఆమె చెప్పగా విన్న సంగతులే ఈ ప్రసంగమునకు మూలము.

తెల్లవారకముందే లేవాలి. అందరూ గుండ్రముగా నిలబడి ఆ దేశపు జాతీయగీతము పాడాలి. తరువాత పరుగో, ఈతో. ఆ దీవిలో నదులు లేవు కాబట్టి కప్పుల మీద పడిన వాన నీటిని తొట్లలో నిలువ చేసుకొని వాడుకొంటారు. స్నానమునకు ఒళ్ళు తడుపుకొని, కుళాయి కట్టి, సబ్బు రుద్దుకొని, మరల కొంచెము విప్పి కడుగుకోవాలి. గిన్నెలు తోమే వంతులు ఉంటవి. ఎండ నుండి, గాలి నుండి విద్యుత్తు తీస్తారు. చదువు కూడ సముద్రము మీదనే. చేపలను గూర్చి, పగడపు దిబ్బలను గూర్చి పరిశోధన చేస్తారు. చిన్న పడవలలో కొన్ని దినములు ప్రయాణము చేస్తారు. నలభై ఎనిమిది గంటలు ఒక్కరే ఒడ్డున గడుపుతారు.

ఇక నాయకుల విషయము. అక్కడి విద్యార్థి నాయకులను కసీక్ అంటారని ఆ పిల్ల చెప్పింది. తెల్లవారు రాకపూర్వము ఆ దీవులలో నివసించిన లుకాయను ప్రజల భాషలో ఆ మాటకు పెద్ద, నాయకుడు అని అర్థము. 1492 అక్టోబరు 12న కొలంబసు మొదట కాలుపెట్టింది వారి దీవులలోనే. అటు పిమ్మట స్పెయిన్‌వారు వారిని గనులలో పనికి బానిసలుగా పట్టుకొని పోగా, ముప్ఫై సంవత్సరములు తిరిగేసరికి దీవులు ఇంచుమించు నిర్మానుష్యమైనవి. ఆ జాతి పోయినా భాషలోని మాటలు కొన్ని మిగిలినవి. హరికేన్ అనే మాట వాటిలో ఒకటి. మనము హరికేన్ లాంతరు అంటామే, ఆ మాటే. ఈ లాంతరు సంగతి మరల వస్తుంది, జ్ఞాపకముంచుకొనండి.

ఆమె చెప్పినదంతా విన్న మీదట మాకు ఒక సంగతి తట్టింది. మన హాస్టళ్ళలో నాయకత్వము ఎక్కడనుండి వస్తుంది? సీనియారిటీ నుండి. పదవ తరగతివాడు ఆరవ తరగతివానికి పెద్ద. వాడు ఎందుకు పెద్ద అంటే నాలుగేండ్లు ముందు వచ్చాడు కాబట్టి. నూరు దినముల బడిలో ఆ వీలు లేదు. అందరూ ఒకే దినమున దిగుతారు, ఒకే దినమున వెళ్ళిపోతారు. ఎవరూ సీనియరు కాదు, ఎవరూ జూనియరు కాదు. అటువంటిచోట ఒకనిమాట మరొకడు ఎందుకు వినాలి? వాడు గిన్నెలు తోమే వంతు తప్పించుకోడు కాబట్టి, చెప్పిన వేళకు తానే ముందుగా వచ్చి నిలబడతాడు కాబట్టి. వేరే కారణమేమీ ఉండదు. నూరవ దినమున ఆ పెద్దరికము కూడ అక్కడే వదిలి రావాలి. తొట్టిలో మిగిల్చిన నీరు మాత్రము తాము ఎన్నడూ చూడబోని తరువాతి జట్టువారు త్రాగుతారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. కుర్ట్ హాన్ అనే జర్మను విద్యావేత్త 1920లో సాలెం అనేచోట పాఠశాల నడిపాడు. హిట్లరును ఎదిరించినందుకు 1933లో చెరసాలలో వేశారు. విడుదలై బ్రిటన్ చేరి, 1934లో స్కాట్లండు ఉత్తరతీరమున గోర్డన్‌స్టన్ అనే బోర్డింగు పాఠశాల పెట్టాడు. అక్కడ విద్యార్థులలో పెద్దవానికి గార్డియన్, అనగా కాపరి, అని పేరు. పిల్లలు తీరములో కాపలా కాసి, ఆపదలో ఉన్న ఓడల కొరకు కనిపెట్టేవారు. ప్రతి పిల్లవాడు తాను చేయవలసిన పనులు చేశాడో లేదో రాత్రి తానే ఒక కాగితముపై గుర్తుపెట్టుకొనేవాడు. ఇతరులను నడిపేవాడు ముందు తన లెక్క తాను నిజముగా వ్రాసుకోవాలని ఆయన ఉద్దేశము.

1941లో వేల్సు తీరమున ఆబర్డవీ అనేచోట ఆయనే మరొక శిక్షణాలయము మొదలుపెట్టాడు. అది నెల దినముల శిక్షణ. యుద్ధములో ఓడలు మునిగినప్పుడు ప్రాణరక్షణ పడవలలో బలమైన పడుచువారు ముందు చనిపోతున్నారని, వయసు మళ్ళిన నావికులు బ్రతుకుతున్నారని లారెన్సు హోల్టు అనే ఓడల యజమాని గమనించాడు. ఓర్పు, తోటివాని మీద నమ్మకము బలము కంటె ఎక్కువ పనిచేస్తవని వారు తలచారు. సముద్రము ప్రక్కన ఉండే బడులలో నాయకత్వము అనే మాట ఇటువంటి అవసరములో నుండి పుట్టింది.

ఒక మాట న్యాయముగా చెప్పాలి. ఈ నూరు దినముల బడులు చాలా ఖర్చుతో కూడినవి. సహాయ వేతనములు కొందరికి ఉన్నా, అక్కడికి వెళ్ళేవారిలో చాలామంది కలిగినవారి పిల్లలు. నీరు పొదుపు చేయడము వారికి అక్కడ నేర్పవలసిన పాఠము. మన హాస్టళ్ళు వేరు. తల్లులు వంట కుండలో పోసే బియ్యములో నుండి పిడికెడు తీసి పెట్టగా ఆ పిడికెళ్ళతో నడిచినవి. చేద వేసి నీళ్ళు తోడుకొన్న మాకు పొదుపు ఒకరు నేర్పనక్కరలేదు. కాని ఆ పిల్లలు నేర్చుకొన్నది ఒకటి మేము నేర్చుకోలేదు. ఇప్పుడు మా తప్పు చెబుతాము.

1977 నవంబరు 19, శనివారము. దివిసీమను ఉప్పెన ముంచిన దినము. మా బోర్డింగు దివిసీమకు దూరముగా, తీరమునకు దగ్గరలో ఉండేది. ఉప్పెన మా వరకు రాలేదు గాని గాలి, వాన వచ్చినవి. చీకటి పడేవేళకు మేము పడుకొనే రేకుల షెడ్డు ఊగసాగింది. పిల్లలందరిని బడి రాతి కట్టడములోనికి చేర్చుమని వార్డెన్ గారు మాకు చెప్పి, తాను ఆడపిల్లల బోర్డింగు వైపు పరుగెత్తారు. మేము పిల్లలను చేయి చేయి పట్టించి తీసికొని వెళ్ళాము. చీకటిలో వరుసగా నిలబెట్టి లెక్క చెప్పించాము. ఒకటి, రెండు, మూడు అని అరచుకొంటూ పోయి అరవై రెండు దగ్గర ఆగింది. మా రిజిస్టరులో ఉన్నది అరవై రెండే. లెక్క సరిపోయింది. తలుపులు మూయించాము.

అప్పుడు ఏడవ తరగతి పిల్లవాడొకడు వచ్చి, "అన్నా, నా ప్రక్క చాప మీద పడుకొనే చిన్నోడు లేడు" అన్నాడు.

"లెక్క సరిపోయింది, పోయి కూర్చో" అన్నాము.

"లెక్క సంగతి నాకు తెలియదన్నా. వాడు లేడు" అన్నాడు.

మేము కసిరాము. చిన్న లీడరు చేయి కూడ ఎత్తాడు. వాడు మారు మాట్లాడక వెళ్ళి, గోడవార కూర్చున్న వంటాయనను లేపాడు. ఇద్దరూ హరికేన్ లాంతరు గోనెసంచిలో దాచి పట్టుకొని ఆ గాలిలోనికి వెళ్ళారు. ఆరవ తరగతి పిల్లవాడు వంటింటి వెనుక కట్టెల పాకలో జ్వరముతో ముడుచుకొని ఉన్నాడు. సాయంత్రము నుండి ఒళ్ళు వెచ్చగా ఉండి, పొయ్యి ప్రక్కన కాచుకొందామని వెళ్ళాడట. వానిని వంటాయన భుజముపై వేసుకొని వచ్చిన కొంతసేపటికి ఆ పాక పడిపోయింది.

మరి లెక్క ఎట్లా సరిపోయింది? వంటాయన కొడుకు మా వరుసలో నిలబడ్డాడు. వాడు అరచిన అంకెతో మాకు అరవై రెండు వచ్చింది. మేము అంకెలు విన్నాము, ముఖములు చూడలేదు. ఆ పిల్లవాడు ఒక్క ముఖము చూశాడు, అది లేదని కనిపెట్టాడు.

మా తప్పు అంతటితో ఆగితే ఇన్నేండ్లకు ఇక్కడ చెప్పవలసిన పని లేదు. తరువాత జరిగిన కృతజ్ఞతారాధనలో, అరవై రెండుమందిని భద్రముగా చేర్చిన లీడర్లని మమ్మును ముందుకు పిలిచి అందరి ఎదుట మెచ్చుకొన్నారు. మేము తల వంచుకొని నిలబడ్డాము. అది వినయమని అందరూ అనుకొన్నారు. ఆ పిల్లవాడు వెనుక వరుసలో కూర్చొని మాతోపాటు చప్పట్లు కొట్టాడు. నోరు తెరవలేదు. వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళి మరల బోర్డింగుకు రాలేదు. తరువాతి కాలములో వాని కొరకు మేమిద్దరము విచారించాము. ఊరు వదిలిపోయారన్నారు. ఇంతవరకు దొరకలేదు. ఆ రాత్రి లీడరు మేము కాదు, వాడు. ఈ మాట శతవార్షిక సంచికలో అచ్చు కావాలనే ఈ ప్రసంగమునకు ఒప్పుకొన్నాము.

మనుమరాలు ఆ దీవి సంగతులు చెప్పినప్పుడు మాకు ఆ రాత్రే జ్ఞాపకము వచ్చింది. అందరూ ఒకేసారి వచ్చినచోట, ఆ ఏడవ తరగతి పిల్లవాని మాటకు మా మాటతో సమానమైన బరువు ఉండేది. మా బోర్డింగులో వాని మాట మా సీనియారిటీ క్రింద పడిపోయింది. నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోయిన సంగతి ఆదివారపు బడిలో చిన్నప్పటినుండి విన్నవారమే. అయినా తొంభై తొమ్మిదిని లెక్కపెట్టి నూరు అనుకొన్నాము.

ఇక మా మనవి. వార్డెన్ గార్లు, పెద్దలు ఆలోచించాలి.

ఒకటి. లీడరును సంవత్సరమంతటికి ఒకరినే ఉంచకండి. పెద్ద తరగతివారే కావాలని పట్టుపట్టకండి. కొన్ని వారములకొకసారి మార్చండి. ఏడవ తరగతి పిల్లకు కూడ వంతు రానివ్వండి. పదవ తరగతివాడు ఆమె మాట విని గిన్నెలు కడిగితే వానికి నష్టము లేదు.

రెండు. రాత్రి హాజరు అంకెలతో వద్దు, పేర్లతో పిలవండి. పలికినవాని ముఖము చూడండి. పది నిమిషములు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

మూడు. లీడరు కంచము పంక్తిలో చివర ఉండాలి, చేద చివర వేయాలి. మా రోజులలో మేము ముందు తోడుకొనేవారము. ఎండాకాలములో చివరివారికి బురద నీరు మిగిలేది. ఆ సంగతి మాకు తెలిసి కూడ ముందే తోడుకొన్నాము.

నాలుగు. దిగిపోయే లీడరు ఒక నోటుపుస్తకములో నాలుగు మాటలు వ్రాసి తరువాతివారికి ఇవ్వాలి. ఏ పిల్లవానికి ఉబ్బసమున్నది, ఎవరి ఇంటినుండి ఉత్తరముగాని ఫోనుగాని రావడము లేదు, ఏ గది కప్పు కారుతున్నది. అందులో మీరు చేసిన తప్పులు కూడ వ్రాయండి. మావలె నలభై ఏండ్లకు పైగా ఆగవద్దు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీలో కొందరి చొక్కాలకు లీడరు బిళ్ళలు మెరుస్తున్నవి. బాగున్నవి, పెట్టుకోండి. ఈ రాత్రి మీ హాస్టలుకు తిరిగి వెళ్ళిన తరువాత ఒక పని చేయండి. మీ తరువాత పడుకొనేవారి సంగతి ఏమిటో, మీ ప్రక్క చాప మీద ఎవరున్నారో చూసి పడుకోండి. ఎవరైనా చిన్నవాడు వచ్చి "అన్నా, వాడు లేడు" అంటే, లెక్క సరిపోయిందని మాత్రము అనకండి. లాంతరు తీసికొని వానితో వెళ్ళండి.