పాత ఫారం చెల్లదు

(ఎల్.బి.నగర్‌లో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)

"మీ మనవరాలు కంప్యూటరు చదువే కదా, దాని మీద ఓ పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు కార్యదర్శి గారు. నాకు తెలిసినదంతా ఆ పిల్ల దగ్గర అరువు తెచ్చుకున్నదే. తప్పులుంటే మాత్రం అవి నావి.

మా అమ్మాయి కూతురు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక శిక్షణ సంస్థలో వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకుంటోంది. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటగానే దిల్‌సుఖ్‌నగర్. 2018 సెప్టెంబరులో ఈ రైలు వచ్చాక నా మోకాళ్ళకు కూడా ఆ ఊరు దగ్గరైంది. ఒక ఆదివారం సాయిబాబా గుడికి వెళ్ళి, పనిలో పనిగా పిల్లను వెంటబెట్టుకుని వద్దామని ఆ సంస్థకు వెళ్ళాను. నలుగురు పిల్లలు ఒకే తెర ముందు కూర్చుని గట్టిగా వాదించుకుంటున్నారు. ఏమిటర్రా గొడవ అంటే "జాంగో, తాతయ్యా" అంది.

మన ఆఫీసుల్లో క్యాష్ బుక్కు, సర్వీసు రిజిస్టరు, బిల్లు ఫారాలు గళ్ళు గీసి అచ్చయి వచ్చేవి. ప్రతి గుమాస్తా తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీసుకోనక్కరలేదు. వెబ్‌సైటు కట్టేవాళ్ళకు జాంగో అలాంటి సరంజామా. దాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారు. వచ్చినవాడెవడో తనిఖీ చేయడం, వివరాలు భద్రపరచడం, ఫారం సరిగ్గా నింపారో లేదో చూడడం అన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్ళో, ఒక దినపత్రిక కార్యాలయంలో 2003లో అడ్రియన్ హోలొవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారు. 2005 జూలైలో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. ఎవరైనా విప్పి చూడవచ్చు, మార్పు సూచించవచ్చు. దాని భాషల జాబితాలో తెలుగు కూడా ఉందట, నాకు సంతోషమేసింది.

పెద్ద మార్పు కావాలంటే ముందు ప్రతిపాదన రాయాలి. ఎందుకు కావాలి, ఎలా చేస్తారు, పాతది వాడుతున్నవారి గతి ఏమిటి, అన్నీ కాగితం మీద పెట్టాలి. అచ్చం మన నోట్ ఫైలే! కాకపోతే ఆ ఫైలును లోకమంతా చదవవచ్చు. 2020లో అయితే, అంతవరకు ప్రత్యేక హోదాలో ఉన్న కోర్ టీమ్‌ను వాళ్ళే రద్దు చేసుకున్నారు. మన కార్యవర్గాన్ని ఉద్దేశించి అనడం లేదు, అధ్యక్షుల వారు క్షమించాలి.

ఇక పిల్లల గొడవ. వాళ్ళొక పాత సైటును కొత్త వెర్షనుకు మారుస్తున్నారు. సైటులోంచి బయటికి వెళ్ళే లింకు పనిచేయడం మానేసింది. పూర్వం ఆ లింకు నొక్కితే చాలు, బయటికి వచ్చేవాళ్ళం. అందులో చిక్కేమిటంటే, ఇంకెవరో తమ పేజీలో ఒక బొమ్మ వెనుక అదే లింకు దాచితే, మనకు తెలియకుండానే మనల్ని బయటికి పంపేయవచ్చు. అందుకని లింకు తీసేసి బటన్ పెట్టాలన్నారు. 2022 ఆగస్టులో వచ్చిన 4.1 వెర్షనులో, "ఈ పద్ధతి పోబోతోంది, మార్చుకోండి" అని హెచ్చరిక పెట్టారు. పాత పద్ధతి మాత్రం నడుస్తూనే ఉంది. 4.2లోనూ నడిచింది. 2023 డిసెంబరులో 5.0 వచ్చాకే తీసేశారు. కనీసం రెండు వెర్షన్ల పాటు హెచ్చరించకుండా పాతదాన్ని తీయకూడదని వాళ్ళ నియమం. మరీ ప్రమాదకరమైన లోపమైతే వెంటనే సరిచేస్తారనుకోండి.

"తప్పని తెలిశాక పదహారు నెలలెందుకు, అప్పుడే పీకేయాల్సింది" అన్నాడు ఒక కుర్రవాడు. "మరి అప్పటికే వాడుతున్నవాళ్ళు ఏమైపోవాలి?" అంది మా మనవరాలు.

తిరుగు ప్రయాణంలో నేను పెద్దగా మాట్లాడలేదు. 1989లో నేను ఒక జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటుని. కుటుంబ పింఛనుకు కొత్త ఫారం వచ్చింది. పాతవి తక్షణం చెల్లవని సర్క్యులర్ ముసాయిదా రాసింది నేనే. వారం తిరక్కుండా ఒక ముసలమ్మ రెండు బస్సులు మారి వచ్చింది. ఊళ్ళో మాస్టారి చేత నింపించుకున్న పాత ఫారం, సంతకాలన్నీ సక్రమంగా ఉన్నాయి. చెల్లదని తిప్పి పంపాను. నియమం నా పక్షానే ఉంది మరి. ఆమె మళ్ళీ మూడు నెలలకు వచ్చింది. ఆ మూడు నెలలు ఎలా గడిచాయమ్మా అని నేను అడగలేదు. ఈ సంగతి మా ఇంట్లో కూడా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఈనాటి అజెండాలో మూడో అంశం చూశారు కదా. వచ్చే నెల నుంచి మన సంచిక అచ్చు ఆపి, ఫోనులోనే పంపాలని తీర్మానం. అచ్చుకూలి, తపాలా ఖర్చు ఎంత పెరిగాయో లెక్కలు చూసిన నాకు తెలుసు. నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ జీవన ప్రమాణ పత్రం ఎప్పుడివ్వాలో ఈ సంచిక చూసే తెలుసుకునేవారు మనలో ఉన్నారు. కొందరికి బటన్ల ఫోనే. కొందరికి చూపు ఆనదు.

అందుకని నాదొక సవరణ. ఇంకో రెండు సంచికలు అచ్చు వేద్దాం. మొదటి పుటలోనే పెద్ద అక్షరాలతో సంగతి చెబుదాం. ఈలోగా సరైన ఫోను లేనివారెవరో కాలనీలవారీగా కనుక్కుందాం. సరూర్‌నగర్, కొత్తపేట వైపు ఇళ్ళకు నేను వెళతాను, మనవరాలు తోడు వస్తానంది. అప్పటికీ కుదరనివారికి కాగితమే పంపుదాం. సవరణ రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. బలపరిచేవారు ఎవరైనా ఉంటే దయచేసి చెయ్యెత్తండి.