మధ్యలో ఆగిన అప్‌డేట్

సింధనూరు, మాన్వి క్యాంపుల్లో వడ్ల లెక్కలు ఇప్పుడు కంప్యూటరుకెక్కాయి. అప్‌డేట్ కుదరక, మార్పులు రద్దు చేస్తున్నాం, ఆపవద్దు అని తెరమీద కనిపిస్తే గాభరాపడి స్విచ్ కట్టేయకండి. అది పాత స్థితికి మళ్లుతోంది. మధ్యలో ఆపితే లెక్కలకే ముప్పు. కొన్ని గంటలు ఆగండి. శక్తినగర్ మన జిల్లాలోనే ఉన్నా కరెంటును నమ్మలేం కదా, ఇన్వర్టరు ఉంటే మేలు.

తెరుచుకోగానే ముందు లెక్కలను పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోండి. తరువాత సీ డ్రైవులో చోటు చూడండి. తరచు చిక్కు అక్కడే. చోటున్నా మొరాయిస్తే, సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్‌ను ఆపి, విండోస్ ఫోల్డరులోని సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్‌లో డౌన్‌లోడ్ ఫోల్డరును ఖాళీ చేయండి. సగం దిగిన ఫైళ్లు పోయి, మళ్లీ మొదటినుంచి దిగుతాయి. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తోనే ఆగాయి.